ఆరున్నర గంటలు కొట్టుకున్న గుండె: శస్త్రవైద్యుడు ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ జీవితం

1967 డిసెంబరు 6 మధ్యాహ్నం న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్ ప్రాంతం. మైమోనిడీస్ ఆసుపత్రికి విలేకరులు తండోపతండాలుగా చేరుకున్నారు. అమెరికాలో తొలి గుండె మార్పిడి ఆనాటి తెల్లవారుజామున అక్కడే జరిగింది. ప్రపంచంలో ఒక పసిబిడ్డకు మరొకరి గుండెను అమర్చడమూ అదే మొదటిసారి. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన తొలి మార్పిడికి అప్పటికి మూడు రోజులే గడిచాయి. ప్రపంచమంతా మరో విజయవార్త కోసం ఎదురుచూస్తోంది.

వారి ముందుకు వచ్చిన శస్త్రవైద్యుడి వయసు 49. పేరు ఏడ్రియన్ కాంట్రోవిట్జ్. రాత్రంతా ఆయనకు కునుకు లేదు. కొత్త గుండె సుమారు ఆరున్నర గంటలు పనిచేసి హఠాత్తుగా ఆగిపోయిందని, దాన్ని మళ్లీ కదిలించడం సాధ్యపడలేదని ఆయన వెల్లడించారు. గుండెను అమర్చగలిగారు, అది కొట్టుకుంది. కాబట్టి శస్త్రచికిత్స వరకు సఫలమేనని చెప్పుకోవడానికి అవకాశముంది. అలాంటి సందర్భాల్లో చాలామంది అదే చెప్పేవారు. కాంట్రోవిట్జ్ అందుకు ఒప్పుకోలేదు. తాము తలపెట్టింది బిడ్డను బతికించడమని, బిడ్డ బతకలేదు గనుక దీన్ని పూర్తి వైఫల్యంగానే పరిగణించాలని తేల్చి చెప్పారు.

గుండె మార్పిడి చరిత్రలో బర్నార్డ్ పేరు ఎరుగని వారు అరుదు. కాంట్రోవిట్జ్ పేరు వైద్యలోకం దాటి అంతగా వినిపించదు. అయితే పిల్లల్లో గుండె మార్పిడి ఎదుర్కొన్న అసలు చిక్కులన్నీ ఆ ఒక్క రాత్రిలో, ఆ ఒక్క బిడ్డ విషయంలో ముందుగానే కనిపించాయి. అందుకే ఆయన జీవితాన్ని తిరిగి చూడవలసి ఉంది.

ఆయన 1918 అక్టోబరు 4న న్యూయార్క్‌లో జన్మించారు. తండ్రి బ్రాంక్స్ ప్రాంతంలో సాధారణ వైద్యుడు. తల్లి నాటకశాలలకు దుస్తులు రూపొందించేవారు. వైద్యుడిని కావాలన్న కోరికను మూడేళ్ల ప్రాయంలోనే తల్లికి చెప్పారని ఆ ఇంట చెప్పుకునేవారు. ఐదేళ్లు పెద్దవాడైన అన్న ఆర్థర్‌కు భౌతికశాస్త్రం ప్రాణం. అన్నదమ్ములిద్దరూ బాల్యంలో పాత రేడియో విడిభాగాలు పోగుచేసి గుండె స్పందనలను నమోదు చేసే ఈసీజీ యంత్రాన్ని తయారుచేశారు. ఆర్థర్ తరువాతి కాలంలో పేరుమోసిన భౌతికశాస్త్రవేత్త అయ్యారు. చిన్ననాటి ఆ జోడీ మాత్రం విడిపోలేదు. తమ్ముడు రూపొందించిన పరికరాల వెనుక అన్న లెక్కలు ఉన్నాయి.

ఏడ్రియన్ 1940లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో గణితంలో పట్టా పొందారు. యుద్ధకాలపు అవసరాల వల్ల వైద్యవిద్యను కుదించడంతో 1943లోనే లాంగ్ ఐలండ్ వైద్య కళాశాల నుంచి డాక్టరై వెలుపలికి వచ్చారు. సైన్యంలో రెండేళ్లు పనిచేశారు. ఆయన మొదట ఆశించింది మెదడు శస్త్రచికిత్స విభాగం. యుద్ధం ముగిసి తిరిగివచ్చేసరికి అందులో ఖాళీలు లేవు. అలా గుండె వైపు వచ్చారు. 1948లో జీన్ రోసెన్‌సాఫ్ట్‌ను వివాహమాడారు. ఆయన పరిశోధనశాలల నిర్వహణ భారాన్ని దశాబ్దాల పాటు మోసింది ఆమే. వారి ముగ్గురు సంతానమూ వైద్యులయ్యారు.

1951 అక్టోబరులో న్యూయార్క్ వైద్య అకాడమీలో ఆయన ఒక చలనచిత్రాన్ని ప్రదర్శించారు. సజీవమైన గుండె లోపల కవాటం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండటాన్ని అందులో చూపారు. అంతకుముందు ఆ దృశ్యాన్ని చిత్రంలో చూసినవారు లేరు. ఆ తరువాత క్లీవ్‌లాండ్‌లో శరీరధర్మ శాస్త్రవేత్త కార్ల్ విగ్గర్స్ వద్ద పనిచేశారు. ఆయన జీవితాంతం వదలని ఆలోచన ఒకటి ఆ రోజుల్లోనే రూపుదిద్దుకుంది.

ఆ ఆలోచన అర్థం కావాలంటే గుండెకు సంబంధించిన ఒక సంగతి తెలియాలి. ఒళ్లంతటికీ రక్తం పంపే గుండెకు కూడా రక్తం కావాలి. అది హృదయ ధమనుల ద్వారా అందుతుంది. ఇతర అవయవాలకు గుండె ముడుచుకున్నప్పుడు రక్తం ఉరకలు వేస్తూ చేరుతుంది. గుండె కండరానికి మాత్రం అది సడలి విశ్రాంతి తీసుకునే క్షణంలోనే ఎక్కువగా చేరుతుంది. ఆ విశ్రాంతి క్షణంలో రక్తపు ఒత్తిడిని పెంచగలిగితే బలహీనపడ్డ గుండెకు ఆహారం పెరుగుతుంది, శ్రమ తగ్గుతుంది. శునకాలలో రక్తపు అలను కొంత ఆలస్యం చేసి హృదయ ధమనుల్లోకి పంపితే ప్రవాహం పెరుగుతోందని కాంట్రోవిట్జ్ సోదరులు 1953లో చూపించారు. దీన్ని రోగి పడక వద్దకు తేవడానికి మరో పద్నాలుగేళ్లు పట్టింది.

ఈ మధ్యకాలంలో ఆయన చేయని ప్రయత్నం లేదు. 1955లో మైమోనిడీస్ ఆసుపత్రిలో చేరారు. 1958లో ఒక శునకం డయాఫ్రం కండరంలో కొంత భాగాన్ని ప్రధాన రక్తనాళానికి చుట్టి, విద్యుత్ సంకేతాలతో అది ముడుచుకునేలా చేసి, గుండె భారంలో కొంత పంచుకునే రెండో పంపుగా మలిచారు. నడుము కింది భాగం చచ్చుబడినవారికి మూత్రాశయం పనిచేసేలా విద్యుత్ పరికరం తయారుచేశారు. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లతో కలిసి శరీరంలో అమర్చే పేస్‌మేకర్‌ను రూపొందించారు. 1966లో ఎడమ జఠరికకు తోడుగా పనిచేసే యంత్రాన్ని ఇద్దరు రోగులకు అమర్చారు. మొదటి వ్యక్తి ఒక్కరోజే బతికారు. రెండో రోగి, 63 ఏళ్ల మహిళ, దాదాపు రెండు వారాలు జీవించి పక్షవాతంతో మరణించారు.

1967లో బెలూన్ పంపు వచ్చింది. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. దాని కొసన ఉన్న పొడవాటి బెలూన్ బృహద్ధమనిలో నిలుస్తుంది. గుండె సడలినప్పుడు బెలూన్ హీలియం వాయువుతో ఉబ్బి రక్తాన్ని హృదయ ధమనుల వైపు నెడుతుంది. గుండె ముడుచుకోబోయే ముందు బెలూన్ కుంచించుకుపోయి దారి ఇస్తుంది. గుండెపోటుతో రక్తపోటు పూర్తిగా పడిపోయిన 45 ఏళ్ల మహిళకు ఆ ఏడాదే మొదటిసారి వాడారు. ఆమె కోలుకున్నారు. తరువాత లక్షలాది రోగులకు ఇది ఉపయోగపడింది. గుండెపోటు వల్ల కుప్పకూలిన వారిలో ఇది మరణాలను తగ్గించడం లేదని 600 మంది రోగులపై జర్మనీలో సాగిన పరిశోధన 2012లో తేల్చిన మాటా ఇక్కడే చెప్పాలి. తన వైఫల్యాన్ని వైఫల్యమని అన్న మనిషి చరిత్రలో ఈ వాక్యాన్ని దాచడం న్యాయం కాదు.

యంత్రాలు ఒకవైపు సాగుతుండగా, మార్పిడి కోసం మరో ప్రయత్నం సమాంతరంగా నడిచింది. ఆయన బృందం ఐదేళ్లలో 411 శునకాలకు గుండె మార్పిడి చేసింది. వాటిలో కూనలే ఆయనకు ముఖ్యం. ఆయన మనసులో ఉన్న రోగులు పసిబిడ్డలు. సరిదిద్దడానికి వీలుకాని గుండె లోపాలతో పుట్టే శిశువులకు నాడు వేరే దారి లేదు. రోజుల్లోనో వారాల్లోనో మరణించేవారు. లేత వయసులో పరాయి అవయవాన్ని తిరస్కరించే శక్తి శరీరానికి తక్కువగా ఉంటుందన్న ఆశ కూడా ఆయనను అటు నడిపించింది.

కానీ పసిబిడ్డ ఛాతీలో పట్టే గుండె మరో పసిబిడ్డదే కావాలి. అది ఎక్కడ దొరుకుతుంది? మెదడు పైభాగం ఏర్పడకుండానే పుట్టే శిశువులు అరుదుగా ఉంటారు. వారు కొన్ని గంటలో, కొన్ని రోజులో మాత్రమే జీవిస్తారు. గుండె ఆరోగ్యంగానే ఉంటుంది. అలాంటి శిశువు జన్మిస్తే తెలియజేయాలని దేశవ్యాప్తంగా వందలాది ఆసుపత్రులను కాంట్రోవిట్జ్ కోరారు. 1966లో అవకాశం వచ్చింది. దాత శిశువు, గ్రహీత శిశువు ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. అప్పుడు ఆయన బృందంలోని ఇద్దరు వైద్యులు అడ్డుచెప్పారు. దాత గుండె దానంతట అది ఆగేవరకు కత్తి పెట్టరాదన్నారు. ఆగేవరకు వేచిచూశారు. ఆగిన తరువాత ఆ గుండె మళ్లీ పనికిరాలేదు.

ఇరుపక్షాలనూ నిందించలేం. మెదడు పూర్తిగా పనిచేయకుండా పోవడమే మరణమన్న నిర్వచనం నాటికి లేదు. హార్వర్డ్ కమిటీ ఆ మాట చెప్పింది 1968లో. అడ్డుచెప్పిన వైద్యులు ఊపిరితో ఉన్న బిడ్డ తరఫున మాట్లాడారు. కాంట్రోవిట్జ్ చనిపోబోతున్న రెండో బిడ్డ తరఫున మాట్లాడారు. ఆ రోజు ఆపరేషన్ జరిగి ఉంటే ప్రపంచంలో తొలి గుండె మార్పిడి బ్రూక్లిన్‌లో జరిగి ఉండేది. సాధారణంగా చరిత్రకారులు చింతించేది ఈ విషయం గురించే. అడ్డంకి లేవనెత్తిన ప్రశ్న అంతకన్నా పెద్దది, నేటికీ పూర్తిగా తీరనిది.

1967 డిసెంబరులో ఫిలడెల్ఫియా నుంచి కబురు వచ్చింది. అక్కడ పుట్టిన శిశువును బ్రూక్లిన్‌కు తీసుకువచ్చారు. గ్రహీత మూడు వారాలు కూడా నిండని మగబిడ్డ. పుట్టుకతోనే గుండెలో తీవ్రమైన లోపం. ఒళ్లు నీలం తిరిగి ఉంది. అంత చిన్న శరీరానికి హార్ట్-లంగ్ యంత్రం వాడటం ప్రమాదమని భావించి, బిడ్డ శరీరాన్ని బాగా చల్లబరిచి, రక్తప్రసరణను కొద్దిసేపు నిలిపి శస్త్రచికిత్స చేశారు. కొత్త గుండె కొట్టుకోవడం మొదలుపెట్టింది. నీలం తగ్గి ఒంటికి గులాబీ రంగు వచ్చింది. మధ్యాహ్నానికి గుండె ఆగింది.

మరుసటి నెలలో ఆయన ఒక వయోజనుడికి గుండె మార్చారు. అతనూ కొన్ని గంటలకు మించి జీవించలేదు. 1968లో ప్రపంచవ్యాప్తంగా వందకు పైగా గుండె మార్పిడులు జరిగాయి. రోగుల్లో అత్యధికులు స్వల్పకాలంలోనే మరణించారు. వాటిలో ఒకటి మన దేశంలో జరిగింది. బొంబాయిలోని కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ ప్రఫుల్ల కుమార్ సేన్ బృందం ఆ ఏడాది ఫిబ్రవరిలో చేసిన ఆపరేషన్ అది. ఆ రోగి కూడా కొన్ని గంటల్లోనే కన్నుమూశాడు. తరువాత పావు శతాబ్దం పాటు భారతదేశంలో గుండె మార్పిడి విజయవంతం కాలేదు. పార్లమెంటు అవయవ మార్పిడి చట్టాన్ని ఆమోదించిన 1994లోనే, ఆగస్టు 3న, న్యూఢిల్లీ ఎయిమ్స్‌లో ఆ గౌరవం రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్‌కు దక్కింది. మెదడు మరణాన్ని మరణంగా చట్టం గుర్తించడం, గుండె మార్పిడి ఫలించడం ఒకే ఏడాదిలో జరగడం యాదృచ్ఛికం కాదు.

కాంట్రోవిట్జ్ ఊహించిన దారిలో పసిబిడ్డలు బతకడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. తిరస్కరణను అదుపు చేసే సైక్లోస్పోరిన్ మందు 1983లో అమెరికాలో అనుమతి పొందింది. 1984లో న్యూయార్క్‌లోనే నాలుగేళ్ల బాలుడికి జరిగిన మార్పిడి ఫలించింది. 1985 నవంబరులో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో డాక్టర్ లియొనార్డ్ బెయిలీ నాలుగు రోజుల శిశువుకు గుండె మార్చారు; ఆ శిశువు పెద్దవాడయ్యాడు. 1987లో అదే ఆసుపత్రిలో, కెనడాలో మెదడు ఏర్పడకుండా పుట్టిన శిశువు గుండెతో మరో నవజాత శిశువు బతికాడు. అంటే 1966లో తలపెట్టినది వైద్యపరంగా సాధ్యమేనని తేలింది. దాన్ని నియమబద్ధంగా కొనసాగించాలని లోమా లిండా వైద్యులు వెంటనే ప్రయత్నించారు. అలాంటి 12 మంది శిశువులను పర్యవేక్షణలో ఉంచారు. మార్పిడికి పనికివచ్చే అవయవం ఒక్కటీ లభించలేదు. చివరకు ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. బ్రూక్లిన్ వైద్యులిద్దరి ప్రశ్న ఇరవై ఏళ్ల తరువాత కూడా అక్కడే నిలిచి ఉంది.

ఇక ఆ డిసెంబరు మధ్యాహ్నం ఎదురైన రెండో ప్రశ్న: చక్కగా కొట్టుకుంటున్న గుండె ఉన్నట్టుండి ఎందుకు ఆగుతుంది? ఆపరేషన్ అయిన గంటల్లో ఆగడానికి కారణాలు వేరు. నేడు మార్పిడి తరువాత బడికి వెళ్తూ, ఆటలాడుతూ పెరిగే పిల్లల్లో ఏళ్ల తరువాత కలిగే ఆకస్మిక హృదయ స్తంభనకు కారణాలు వేరు. కానీ ఆ మరణాలను చూసిన తల్లిదండ్రులకు, వైద్యులకు మిగిలే దిగ్భ్రాంతి ఒకటే.

గుండెను ఒక శరీరం నుంచి మరో శరీరానికి మార్చేటప్పుడు రక్తనాళాలను కలపగలరు. దానికి చేరే నాడులను కలపలేరు. అవి తెగిపోతాయి. ఫలితంగా కొత్త గుండెకు పగ్గాలు ఉండవు. విశ్రాంతిలోనూ అది వేగంగానే కొట్టుకుంటుంది. పరుగు మొదలుపెట్టిన వెంటనే వేగం పుంజుకోదు. నాడుల ద్వారా పనిచేసే అట్రోపిన్ వంటి మందు నెమ్మదించిన ఆ గుండెను వేగవంతం చేయలేదు. అన్నిటికంటే ప్రమాదకరమైనది మరొకటుంది: నొప్పి తెలియదు. మారిన గుండెలో హృదయ ధమనుల గోడలు కాలక్రమంలో మందమై, లోపలి దారి ఇరుకు కావడం దీర్ఘకాలంలో ఎదురయ్యే ప్రధాన సమస్య. మామూలు మనిషికి అప్పుడు ఛాతీలో నొప్పి వస్తుంది, ఆసుపత్రికి పరుగెడతాడు. ఆ బిడ్డకు హెచ్చరిక ఉండదు. అలసట, స్పృహ తప్పడం, కడుపునొప్పి వంటివి కనిపిస్తే అదృష్టం. కొందరిలో ఏమీ కనిపించదు. గుండె ఆగిపోవడమే తొలి సూచన.

ఈ ప్రమాదం ఎంతటిదో ఉత్తర అమెరికా ఆసుపత్రులు ఉమ్మడిగా నమోదు చేసిన సమాచారం 2011లో తెలిపింది. మార్పిడి పొందిన 2,491 మంది పిల్లల్లో 604 మంది మరణించారు. వారిలో 94 మంది, అంటే ఆరుగురిలో ఒకరు, ఆకస్మికంగా పోయినవారు. ఏళ్లు గడిచినా ఈ ముప్పు దాదాపు ఒకే స్థాయిలో కొనసాగింది. తొలి ఏడాదిలో తిరస్కరణ పలుమార్లు కలిగిన పిల్లల్లో, వయసులో పెద్దవారైన పిల్లల్లో ఎక్కువ. యౌవనంలో అడుగుపెట్టిన పిల్లలు మందులు మానేయడం కూడా తిరస్కరణకు దారితీస్తుందని వైద్యులకు అనుభవమే. అందుకే నిర్ణీత కాలాల్లో హృదయ ధమనుల యాంజియోగ్రామ్, కండరపు ముక్క పరీక్ష తప్పనిసరి అయ్యాయి. బిడ్డ ఎంత ఉత్సాహంగా ఉన్నా వాటిని వాయిదా వేయరాదు. గుండె ఆగితే ఛాతీని నొక్కుతూ ప్రాణం నిలిపే సీపీఆర్‌ను తల్లిదండ్రులకూ, బడిలోని పెద్దలకూ నేర్పాలి. లయ తప్పిన గుండెకు లోపలి నుంచే విద్యుత్ షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను ఏ పిల్లలకు అమర్చాలన్నది మాత్రం తేలలేదు. లయ తప్పకుండానే పంపు శక్తి హరించుకుపోయి ఆగే గుండెకు షాక్‌తో ప్రయోజనం లేదు.

కాంట్రోవిట్జ్ ఈ చర్చలో పాల్గొనలేదు. ఆయన అప్పటికే యంత్రాల వైపు మళ్లిపోయారు. దాతలు ఎన్నడూ సరిపోరని, తిరస్కరణ ఒక్క మందుతో లొంగేది కాదని ఆయన అంచనా. 1970లో వైద్యులు, ఇంజినీర్లు, నర్సులు కలిపి పాతిక మంది బృందంతో సహా డెట్రాయిట్‌లోని సైనాయ్ ఆసుపత్రికి తరలివెళ్లారు. శాశ్వతంగా అమర్చే బెలూన్ పంపుతో ఒక రోగిని 1971లో ఇంటికి పంపగలిగారు. సుమారు మూడు నెలల తరువాత ఆ రోగి మరణించాడు. 1983లో భార్యతో కలిసి సొంత సంస్థ స్థాపించి, అదే పరికరాన్ని మెరుగుపరుస్తూ ఎనభై ఏళ్లు దాటాక కూడా పనిచేశారు. అది ఆయన ఆశించినంతగా వాడుకలోకి రాలేదు.

అయితే జఠరికకు తోడుగా యంత్రం అన్న ఆలోచన మాత్రం నిలబడింది. సరిపోయే గుండె దొరికేవరకు పిల్లలను బతికించే బయటి పంపు ఒకటి 2011 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. పసివాళ్లకు సైతం సరిపోయే కొలతల్లో అది లభిస్తోంది. ఆయన దాన్ని చూడలేదు.

2008 నవంబరు 14న మిషిగన్ రాష్ట్రంలోని ఆన్ ఆర్బర్‌లో 90వ ఏట ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ కన్నుమూశారు. గుండె విఫలమవడమే కారణం. ఈసీజీ యంత్రం కోసం చిన్నప్పుడు ఆయనతో కలిసి పాత రేడియోలు విప్పిన అన్న ఆర్థర్, అదే నెల 29న 95 ఏళ్ల వయసులో మరణించారు.